పురుగును లోపలే మూసిన బండి

మా మండలంలో మాజీ సైనికుల సమావేశం ఏటా జరుగుతుంది. మంచు కొండల మీద కాపలా కాసినవాళ్ళు మాట్లాడతారు. ట్యాంకు నడిపినవాళ్ళు మాట్లాడతారు. వంతెనలు కట్టినవాళ్ళు మాట్లాడతారు. నా వంతు రాగానే ఎవరో ఒకరు లేచి "భోజనాలు తయారైనయి" అంటారు. ఒక్కసారైతే యాదృచ్ఛికం అనుకునేవాణ్ణి. ప్రతి ఏడూ అంతే. ఒక ఏడాది మైకు చేతికిచ్చి, నేను గొంతు సవరించుకునే లోపలే వెనక్కి తీసుకున్నారు. ఇచ్చినవాడు, తీసుకున్నవాడు ఇద్దరూ నాకు గుర్తున్నారు.

నేను సైన్యంలో దంత విభాగంలో హవల్దార్‌గా పనిచేశాను. డాక్టరు పక్కన నిలబడి సామాను అందించడం, మందు కలపడం నా పని. "నువ్వు అసలు తుపాకి వట్టినవానే?" అని మా బావ పదిమందిలో అడుగుతాడు. పట్టాను. గురి కూడా బాగుండేది. కానీ నేను గర్వపడే డ్యూటీ తుపాకీతో చేసింది కాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఊరూరా తిరిగి పళ్ళు చూసే పంటి బండి మీద చేసింది. దాని గురించి ఇంతవరకు ఎవరూ నన్ను అడగలేదు. అడగకపోయినా చెబుతున్నాను.

జనగామ చేరింది ఉదయం ఏడున్నరకు. ఫిబ్రవరి నెల. మంచు విడలేదు. రైలు కట్ట అవతల ఏమీ కనిపించడం లేదు. ఒక స్కూలు మైదానంలో బండి ఆపాం. బండిలో వెనక్కి వాలే కుర్చీ ఒకటి. పైన లైటు, కుడి పక్కన డ్రిల్లు, కింద కంప్రెసర్, వెనుక జనరేటర్, నీళ్ళ ట్యాంకు. ఒక పెట్టెలో నోటి అద్దాలు, కొక్కెం సూదులు, గోరంత చెంచాలు, దూది చుట్టలు. ఇంకో పెట్టెలో పంటికి నింపే మందులు. మనుషులం ముగ్గురం. డాక్టరు మేజర్ మేడం, కోస్తా జిల్లా ఆమె. డ్రైవరు నాయక్ హోదా, కాటారం దగ్గరి పల్లెవాడు. నేను చిట్యాల మండలం వాణ్ణి.

ఆర్డరు ఇది: మాజీ సైనికులకు, వాళ్ళ కుటుంబాలకు పళ్ళు చూడాలి. సమయం మిగిలితే ఊరివాళ్ళకు కూడా. పీకడం కంటే నింపడం ఎక్కువ జరగాలి. ఆ చివరి మాట మేడం తనంతట తాను కలిపింది.

క్యాంపు ప్రారంభానికి పెద్దమనుషులు వచ్చారు. రిబ్బను కత్తిరించారు. ఫోటో తీసేటప్పుడు ఫోటోగ్రాఫరు నా వైపు చెయ్యి ఊపి "అన్నా, నువ్వు జర పక్కకు" అన్నాడు. జరిగాను. "ఇంకా జర." జరిగాను. చివరికి బండి వెనక్కి, జనరేటర్ పక్కకు చేరాను. ఆ ఫోటో పేపర్లో వచ్చింది. జనరేటర్ సగం కనిపిస్తుంది. నేను కనపడను.

డ్రైవరు టెంటు దగ్గర కూర్చుని జనానికి విషయం చెప్పాలి కనుక, మేడం వాడికి ముందే పాఠం చెప్పింది.

"పన్ను పైన ఒక పొర ఉంటుంది. ఒంట్లో అంతకంటే గట్టిది ఇంకోటి లేదు. దాని కింద కాస్త మెత్తటి పొర. దాని లోపల నరం. తీపి తిని నోరు కడగకపోతే, నోట్లో ఉన్న క్రిములు ఆ తీపిని తిని పులుపు వదులుతాయి. ఆ పులుపుకి పై పొర కరుగుతుంది. చిన్న గుంత పడుతుంది. గుంత కింది పొరని చేరిందంటే లోపల వెడల్పవుతుంది. పైకి ఆవగింజంత కనపడినా లోపల శనగగింజంత ఉండొచ్చు. నరాన్ని తాకకముందే మన దగ్గరికి వస్తే, కుళ్ళిందంతా తీసేసి, శుభ్రం చేసి, నింపి మూసేస్తాం. పన్ను బతుకుతుంది."

"అంటే రోడ్డు మీద గుంత లెక్క, మేడం. చిన్నగున్నప్పుడే పూడ్వాలె."

"సరిగ్గా అంతే."

"మరి మా కాటారం దిక్కు రోడ్ల సంగతేంది మేడం?"

"దానికి నా దగ్గర మందు లేదు నాయనా" అంది మేడం.

జనగామలో అంతా సజావుగా జరిగింది. రిటైరైన సుబేదార్లు వరుసలో నిలబడ్డారు. నోరు తెరవమంటే తెరిచారు, మూయమంటే మూశారు. ఎక్కువ పళ్ళు నింపాం, తక్కువ పీకాం. మేడం సంతోషంగా బండి ఎక్కింది.

గూడూరుకు మర్నాడు మధ్యాహ్నం చేరాం. రోడ్డుకు రెండు పక్కలా మిర్చి కల్లాలు. నేల కనపడనంత ఎరుపు. దూరంగా అడవి అంచున మోదుగులు పూశాయి. గాలి వీచినప్పుడల్లా ఘాటు. బండి ఆగకముందే ముగ్గురం తుమ్మడం మొదలుపెట్టాం.

అది అంగడి రోజు. నీడ ఉన్న చోటు కావాలని నేను ముందే అడిగాను. నీడ ఉన్న చోటు గాజులవాళ్ళకు ఇచ్చారు. మాకు మేకల పక్కన, ఎండలో ఇచ్చారు. ఇది కూడా నేను మరచిపోలేదు.

బండిలో మేడం, నేను. కాస్త దూరంలో టెంటు, బల్ల, డ్రైవరు. మధ్యలో వాకీటాకీ.

"టెంటు నుంచి బండికి. మనిషి వస్తుండు. పన్ను వీకాలంటుండు. ఓవర్."

"పీకాలో నింపాలో మేడం చూసి చెబుతారు. పంపు."

కాసేపటికి మళ్ళీ. "టెంటు నుంచి బండికి. ఇంకో మనిషి. గీయన గూడ వీకుమంటుండు."

"నింపుతారని చెప్పావా?"

"చెప్పిన అన్నా. చెప్పంగనే లేచి ఉరికిండు. ఓవర్."

సాయంత్రానికి ఒక్క పన్నూ నింపలేదు. కదిలిపోయిన పళ్ళు రెండు పీకాం, అంతే. మేడం చేతులు కట్టుకుని కూర్చుంది. "హవల్దార్ సాబ్, ఏమైంది వీళ్ళకి? కాస్త చూసి రండి" అంది.

చూడటానికి దూరం పోనక్కరలేకపోయింది. మేకల అవతల ఒక నడివయసు ఆమె నేల మీద కూర్చుని ఉంది. ఆమె ముందు మా ముందున్న దానికంటే పెద్ద గుంపు. పంటి పురుగులు తీయడం ఆమె వృత్తి. నిప్పుల మీద వాకుడు గింజలు వేసి, పొగను ఒక బొంగు గుండా నొప్పి ఉన్న పంటికి తగిలిస్తుంది. తరువాత నీళ్ళ చిప్ప చూపిస్తుంది. చిప్పలో సన్నగా, తెల్లగా, వంకర తిరిగిన పురుగులు. నేను వంగి చూశాను. వేడికి పగిలిన గింజల్లోంచి బయటపడిన మొలకలవి. ఆమె మోసం చేస్తోందని నేను అనను. ఆ పని ఆమెకు వాళ్ళమ్మ నేర్పింది. అవి పురుగులేనని ఆమె కూడా నమ్ముతుంది.

"ఏం సారూ, నీ పన్ను గూడ సూడాల్నా?" అంది నన్ను చూసి.

"వద్దక్కా."

"మీ బండిల వచ్చిన సంది ఎన్ని పురుగులు దీసిండ్రు?"

"ఒక్కటీ లేదు."

"గందుకే ఎవ్వలు వస్తలేరు" అంది, నిజంగా జాలిపడుతూ.

గుంపులోంచి ఒక రైతు నా భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నా, తప్పుగ అనుకోకు. మీరు పురుగును దీస్తలేరంట గద. దాన్ని పంట్లనే వెట్టి మీదికెల్లి సిమెంటు గొడుతుండ్రంట. అది లోపట పిల్లలు వెడితే ఎట్ల?"

వచ్చి మేడంతో ఇదంతా చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వింది. నవ్వి, "ఇది తప్పు ప్రశ్న కాదండీ" అంది. నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఐదింటికి ఒక అవ్వ, ఒక అమ్మాయి వచ్చారు. గూడూరుకు పక్కనున్న తండా వాళ్ళు. మిర్చి ఏరి నేరుగా వచ్చారు. అవ్వ మెడలో దారానికి కట్టిన ప్లాస్టిక్ సంచి, అందులో చనిపోయిన భర్త సైన్యం కార్డు. లాన్స్ నాయక్. నేను లేచి నిలబడ్డాను. అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసి "కూసో బిడ్డా, ఆయన కార్డుల లేడు" అంది.

అమ్మాయి పేరు మంజుల. అవ్వ మనవరాలు. ఇంటి భాషలో ఆమెను దాదీ అని పిలుస్తుంది. సైన్యంలో చేరడానికి పరుగులో గెలిచింది. రాత పరీక్షలో గెలిచింది. వైద్య పరీక్షలో కింది దవడ పళ్ళు రెండు పుచ్చాయని ఆపారు. బాగు చేయించుకుని వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారు. సైన్యం పళ్ళు లెక్కపెడుతుంది. నమిలే పళ్ళు పైవీ కిందివీ జంటగా కలవాలి. మంజులకు చిన్నప్పుడే కొన్ని దవడ పళ్ళు పీకించారు. ఈ రెండూ కూడా పోతే లెక్క తప్పుతుంది, ఉద్యోగం రాదు. నింపించుకుంటే, నింపిన పన్ను మంచి పన్ను కిందే లెక్క.

"సార్, నాకు ఫిల్లింగ్ చెయ్యాలె" అంది మంజుల.

"వీకాలె" అంది అవ్వ.

"దాదీ, వీకితే నౌకరి రాదు."

"పురుగు లోపట తిరిగితే పానమే ఉండది. ఇగ నౌకరేంది?"

ఆ పిల్ల తల్లిదండ్రులు పనికోసం దూరం పోయారు. పెంచింది అవ్వ. పెద్దదే కదా, అవ్వను కాదని కుర్చీలో కూర్చోవచ్చు కదా అని వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన డ్రైవరు గొణిగాడు. మంజుల వింది. "దాదీ వద్దంటే కూసోను" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి కానీ మాట గట్టిగానే ఉంది.

చూడటం వరకైతే అవ్వ ఒప్పుకుంది. మేడం లైటు వేసి చూసింది. ఒక పన్ను గుంత చిన్నది. రెండోది లోతు. సూదితో మెల్లగా తాకింది. చల్లగాలి ఊదింది. మంజుల ఉలిక్కిపడింది, గాలి ఆపగానే నొప్పి పోయింది. "మంచిదే. నరం ఇంకా బాగుంది. ఇప్పుడైతే నింపొచ్చు. వారం ఆగితే చెప్పలేను."

వాకీటాకీ గురగురమంది. టెంటుకు తిరిగి వెళ్ళిన డ్రైవరు గుసగుసగా: "అన్నా, ఓ మాట. వాకుడు గింజ ఒక్కటి దెచ్చి మేడం చెంచాల వెడితే అయిపాయె గద. అవ్వ సూస్తది, ఖుషైతది. ఓవర్."

"ఆ పని చెయ్యం."

"ఎందుకన్నా?"

"రేపు ప్రతివాడూ పురుగు చూపించమంటాడు. రోజూ గింజలు వేయించుకుంటూ కూర్చుంటావా?"

"నిజమే. ఓవర్."

మేడం అవ్వ ముందు స్టూలు మీద కూర్చుంది. "అవ్వగారూ..."

"గారంట!" అవ్వ నా వైపు తిరిగింది. "ఈ బిడ్డ సీన్మాల లెక్క మాట్లాడుతది."

"అవ్వగారూ, పంట్లో పురుగు లేదు. కానీ మీరు పూర్తిగా తప్పు కూడా కాదు. కంటికి కనపడని క్రిములున్నాయి. కుళ్ళినదాన్ని గీకి తీసినప్పుడు దాదాపు అన్నీ దాంతోనే పోతాయి. ఎక్కడో ఒకటి అరా మిగిలాయనుకోండి. మేం తలుపు గట్టిగా మూసేస్తాం. నీళ్ళు లేవు, తీపి లేదు, తిండి లేదు. ఏం చేస్తాయి?"

అవ్వ ఆలోచించింది. "ఆకలికి సస్తయా?"

"చస్తాయి."

"మెల్లగనా, జెల్దినా?"

"మెల్లగానే అనుకోండి."

అవ్వ ముఖం వెలిగిపోయింది. "గట్లనే గావాలె. ఇన్నేండ్లు నా పన్ను దిన్నదానికి గదే శిక్ష." అని, చీర కొంగు నడుముకు దోపింది. "ముందుగాల నాకు జెయ్యి. రాత్రంత సూస్త. లోపట మెసలలేదంటే పొద్దుగాల పిల్లను కూసవెడత. మెసిలిందో, మీ బండికి అద్దాలుండయి."

అవ్వ కుర్చీ ఎక్కింది. చీర నిండా మిర్చి ఘాటు. మేడం మాస్కు మీద మాస్కు కట్టుకుంది. అయినా తుమ్ము వచ్చినప్పుడల్లా డ్రిల్లు ఆపి, చెయ్యి గాల్లోకి ఎత్తి, తుమ్మి, మళ్ళీ దింపింది. పై దవడలో పక్కపన్ను. గుంత బయటికే కనిపిస్తోంది. అంచులు డ్రిల్లుతో సరిచేసి, లోపలి గోధుమరంగు మెత్తటి కుళ్ళు చెంచాతో తీసింది. అవ్వ చెయ్యి చాపితే చెంచా చూపించింది. అవ్వ కళ్ళు చిట్లించి చూసి ఊఁ అంది.

తరువాత నా పని. నోట్లో తడి ఉంటే ఈ మందు అతుక్కోదు. దూది చుట్టలు పెట్టాను. పలక మీద పొడి, ద్రవం కలిపాను. తొందరపడితే పలుచగా జారుతుంది. ఆలస్యమైతే పలక మీదే రాయవుతుంది. వెన్నలా మెరుస్తున్నప్పుడే అందించాలి. ఈ మందు పంటిని తనంతట తానే పట్టుకుంటుంది. మేడం నింపి, నొక్కి, నునుపు చేసింది. కరవమంది. రంగు కాగితం పెట్టి మళ్ళీ కరవమంది. ఎత్తుగా ఉన్నచోట మరక పడింది, అక్కడ కాస్త అరగదీసింది.

"అయిపాయెనా?" అంది అవ్వ. "నొయ్యనే లేదు. ఇదేం వైద్యం?"

అవ్వకు నొప్పి లేకపోవడమే అనుమానంగా తోచింది. ఆ అనుమానంతోనే మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

సమస్య అప్పుడు మొదలైంది. మా ఆర్డరు ప్రకారం పొద్దున ఆరింటికి గూడూరు వదలాలి. చిట్యాలలో క్యాంపు. నేను యూనిట్ కంట్రోల్ రూముకు ఫోన్ చేశాను.

"బయలుదేరే సమయం మార్చాలి సార్."

"కారణం?"

"ఒక పన్ను సార్."

"ఎవరి పన్ను?"

"కాబోయే జవాను పన్ను."

"మేడం చెప్పమన్నారా?"

"నేను చెబుతున్నాను సార్. మేడం పక్కనే ఉన్నారు, తల ఊపుతున్నారు."

"హవల్దార్, పోయినసారి కూడా నువ్వే కదా టెంటు రంగు గురించి ఫోన్ చేసింది?"

"అవును సార్. దానికి జవాబు ఇంకా రాలేదు."

ఆయన గట్టిగా ఊపిరి విడిచాడు. "పదకొండు. ఒక్క నిమిషం దాటినా నీదే బాధ్యత."

పొద్దున ఆరింటికి జనరేటర్ వేశాను. ఏడైంది. ఎవరూ రాలేదు. ఎండ పైకి వస్తోంది. మేడం టీ చల్లారిపోయింది. ఎనిమిది దాటింది.

"అవ్వ రాళ్ళు ఏరుకుంటున్నట్టుంది" అన్నాడు డ్రైవరు. "బండి మెయిన్ రోడ్డు మీద వెడదునా?"

"కదిలిస్తే నీ పళ్ళు నేనే పీకుతాను" అన్నాను. కానీ నేనూ తండా దారి వైపే చూస్తున్నాను. రాత్రి అవ్వకు నిజంగా నొప్పి లేచిందేమో. ఉబ్బిందేమో. అదే జరిగితే ఆ అమ్మాయి పని అయిపోయినట్టే.

అప్పుడు ట్రాక్టరు చప్పుడు వినపడింది. తండా వైపు నుంచి మట్టి లేపుకుంటూ వచ్చింది. వెనుక ట్రాలీ నిండా జనం. అందరికంటే ముందు, ట్రాలీ అంచు పట్టుకుని అవ్వ నిలబడి ఉంది. ఒక చేతిలో వేయించిన శనగలు. బండి దగ్గరికి వచ్చి, గుప్పెడు శనగలు నోట్లో వేసుకుంది. నింపిన పంటి వైపు నమిలింది. టకటక, టకటక. మేము ముగ్గురం నిలబడి విన్నాం. మింగింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"సచ్చిందయ్యా!" అని అరిచింది. "ఆకలికి సచ్చింది! రాత్రంత సప్పుడు లేదు!"

ట్రాలీ అంతా ఈలలు, కేకలు. డ్రైవరు ఎగిరి గంతేశాడు. మేజర్ మేడం, నేను సెల్యూట్ కొట్టే మేజర్ మేడం, అవ్వను పట్టుకుని గిరగిరా తిప్పింది. తిప్పి, మిర్చి ఘాటుకు వరుసగా తుమ్మింది.

మంజుల కుర్చీలో కూర్చుంది. చిన్న గుంత త్వరగా అయింది. లోతు పంటి దగ్గర మేడం డ్రిల్లు పక్కన పెట్టి చెంచా పట్టుకుంది. లోపలికి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గించింది. మెత్తటిది పోయి గట్టిది తగులుతోందా అని చెంచా చప్పుడుతో చూసుకుంటుంది. మెత్తటిదానికి చప్పుడు రాదు. గట్టిదానికి కిర్రుమంటుంది. అంచులన్నీ కిర్రుమన్నాయి. నరానికి దగ్గరగా అడుగున సన్నటి పొర మిగిలింది. మేడం ఆగింది.

"తీస్తే నరం బయటపడుతుంది" అంది నాతో, మెల్లగా. "వదిలేస్తాను. పైన మందు పొర వేసి గట్టిగా మూస్తే, పన్ను తన గోడ తానే కట్టుకుంటుంది."

మందు పొర వేసింది. ఆపైన పంటిని గరుకు చేసే నీలం జెల్లు రాసి, కడిగి, గాలితో ఆరబెట్టింది. అతికించే ద్రవం పూసింది. పంటి రంగు మందు కొంచెం కొంచెంగా, పొర మీద పొర పెట్టింది. ప్రతి పొరకూ నేను నీలి లైటు పట్టాను. ఆ వెలుతురుకు మెత్తటి మందు రాయవుతుంది. కదిలితే పొర పాడవుతుంది. నా చెయ్యి కదలలేదు. తుపాకీ పట్టావా అని అడిగేవాళ్ళు ఆ లైటు ఒకసారి పట్టి చూడాలి.

రంగు కాగితం. కరవడం. అరగదీయడం. మళ్ళీ కరవడం. నునుపు. చల్లటి నీళ్ళు పుక్కిలించమంది మేడం. మంజుల భయంభయంగా పుక్కిలించింది. ఆగింది. ఇంకోసారి పుక్కిలించింది.

"గుంజుతలేదు" అంది. తరువాత నవ్వింది. ఆ అమ్మాయి నవ్వడం అదే మొదటిసారి చూశాను. అద్దం ఇస్తే ఏ పన్ను నింపారో కనిపెట్టలేకపోయింది.

ట్రాలీలో వచ్చినవాళ్ళందరూ ఆ తరువాత వరుసలో నిలబడ్డారు. ఎవరూ పీకమనలేదు. అందరూ ఒకటే అడిగారు: "సారూ, నాది గూడ ఆకలికి సంపుండ్రి." పదకొండు వరకు ఎన్ని వీలైతే అన్ని నింపాం. పురుగులు తీసే ఆమె కూడా వచ్చి కుర్చీ పక్కన నిలబడి చూసింది. తన పన్ను కూడా చూపించింది. నింపాం. ఆమె అద్దంలో చూసుకుని "సప్పుడు లేకుంట పని జేస్తరు మీరు" అంది.

పదకొండైంది. చిట్యాలకు కదిలాం.

చిట్యాల నా సొంత మండలం. అక్కడ మొదటి రోగి మా బావ. రాజకీయాల్లో తిరుగుతాడు, మాటలు ఎక్కువ. దవడ పట్టుకుని వచ్చాడు. నన్ను చూసి "ఏం బామ్మర్దీ, నువ్వేనా జూసేది? ఇంకెవ్వలు లేరా?" అన్నాడు. నోట్లో దూది చుట్టలు పెట్టాను. కింద ఒకటి, పక్కన ఒకటి, నాలుక పక్కన ఇంకొకటి. మేడం పన్ను నింపినంతసేపూ మా బావ మాట్లాడలేదు. మా చుట్టాలందరిలో మా బావను అంతసేపు మాట్లాడకుండా చూసింది నేనొక్కణ్ణే. పని బాగా చేశాం. ఆ పన్ను ఇప్పటికీ బాగుంది. సమావేశానికి అతిథిగా వచ్చి, దాంతోనే నా మీద జోకులు వేస్తాడు.

చివరి క్యాంపు కాటారం. వరి పొలాలు, వెనుక అడవి, పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ. రోజులు గడిచాయి. సామాను సర్దుతున్నప్పుడు డ్రైవరు ఫోను మోగింది. మంజుల వాడి నంబరు తీసుకుందన్న సంగతి నాకు తెలియదు. నాది తీసుకోలేదు. సరే. వాడు ఫోను స్పీకరులో పెట్టాడు.

"అన్నా! ఫిట్ అన్నరు! డాక్టరు నా పళ్ళు జూసి, ఎవరు నింపిండ్రు, మంచిగ నింపిండ్రు అన్నడు!"

"ఏం చెప్పినవ్?" అన్నాడు డ్రైవరు.

"మేజర్ మేడం అని చెప్పిన. లైటు వట్టింది హవల్దార్ సారని గూడ చెప్పిన."

నేను జనరేటర్ చూసే నెపంతో బండి వెనక్కి పోయాను. నా సర్వీసు మొత్తంలో నా పేరు నా పనితో కలిపి ఎవరైనా పైవాళ్ళకు చెప్పింది ఆ ఒక్కసారే. టూరు రిపోర్టులో మాత్రం నా ప్రస్తావన లేదు. బండి మైలేజీ ఉంది.

భూపాలపల్లి మీదుగా తిరిగి వచ్చాం. బండిని యూనిట్లో అప్పగించాం. మేడంకు వేరే చోటికి బదిలీ. డ్రైవరుకు ఇంకో బండి. నేను ఆ ఏడాదే రిటైరయ్యాను. మంజుల ఇప్పుడు యూనిఫాంలో ఉంది.

ఒక్క దృశ్యం మాత్రం నా కళ్ళలోంచి పోవడం లేదు. ఆ పొద్దున గూడూరులో, మేము లోపల పళ్ళు నింపుతుంటే, అవ్వ బండి మెట్టు మీద నిలబడింది. మేడం టార్చి అడక్కుండానే తీసుకుంది. వరుసలో వచ్చే ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని, నోరు తెరిపించి, టార్చి వేసి చూసింది. మొగవాళ్ళు, ఆడవాళ్ళు, ట్రాక్టరు నడిపినవాడు. ఎండలో తలలు పైకెత్తి, నోళ్ళు తెరిచి, ఆకాశం వైపు చూస్తూ వరుసగా నిలబడి ఉన్నారు. అవ్వ మధ్యలో అధికారిలా: "నీకున్నది, ఎక్కు. నీకు లేదు, పో. నీకు రెండున్నయి, సిగ్గు లేదా, ఇన్ని దినాలు ఎట్ల సాకినవ్?"

ఆ వరుస పూర్తికాకముందే పదకొండైంది. మిగిలినవాళ్ళకు "మళ్ళా వస్తం" అన్నది మేడం కాదు, డ్రైవరు కాదు. నేను. అవ్వ డ్రైవరు దగ్గర నా నంబరు సంపాదించింది, ఇప్పటికీ ఎవరో ఒకరి ఫోను తీసుకుని నాకు చేస్తుంది. "బిడ్డా, బండెప్పుడొస్తది? మావోళ్ళ పండ్లల్ల అవి తింటనే ఉన్నయి" అంటుంది. చిన్న గుంతలు పెద్దవవుతాయి. నేను చూసిన పళ్ళలో కొన్ని ఈపాటికి నరం దాకా పోయి ఉంటాయి. నేను అర్జీలు పెట్టాను. ఫోన్లు చేశాను. ఆఫీసు గుమ్మాల ముందు కూర్చున్నాను. "చూస్తం" అన్నారు, ఒక్కరూ చూడలేదు. మాట నాది. బండి నాది కాదు. ఆ బండి తాళం ఎవరి చేతిలో ఉందో, వాళ్ళు ఇది చదివాకైనా నాకు ఒక్క జవాబు చెప్పండి: గూడూరుకు ఏ రోజు వస్తున్నారు?